ఎడమ చక్రం నట్లు

ఆదివారం పొద్దున పదకొండు గంటలయింది. సాత్విక చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ముక్కు మీద కూడా ఒక గ్రీజు చుక్క ఉంది. అది ఎప్పుడు అంటుకుందో తనకి తెలియదు.

సాత్వికకి తెలియని విషయం ఒకటి ఉందంటే గొప్పే. ఆరో తరగతి చదివే ఈ పిల్లకి ఎవరు ఏం చెప్పబోయినా, మాట సగంలో ఉండగానే "తెలుసు" అనేస్తుంది. "గొడుగు తీసుకెళ్ళవే, వాన..." అని అమ్మ అనగానే "తెలుసు" అంటుంది. సాయంత్రానికి తడిసి ముద్దయి ఇంటికొస్తుంది. "ఐదో లెక్కలో ఒక చిక్కుంది..." అని టీచర్ అనగానే "తెలుసు టీచర్" అంటుంది. సరిగ్గా ఆ లెక్కే తప్పుతుంది. అయినా ఆ మాట మానదు.

ఆ రోజు తను నాన్నతో కలిసి జీపు చక్రాలు బిగిస్తోంది.

నాన్న ఉపేంద్రకి నరసరావుపేట బజార్లో స్టీలు పాత్రల కొట్టు ఉంది. వారమంతా కొట్లో కూర్చుంటాడు. ఆదివారం మాత్రం ఇంటి పక్క రేకుల షెడ్డులో జీపు కింద పడుకుంటాడు. ఆ జీపు వయసులో నాన్న కంటే పెద్దది. ఒకప్పుడు విజయపురి సౌత్‌లో డ్యాం ఇంజనీర్లని కట్టల మీద తిప్పింది. తర్వాత వేలంలో చేతులు మారి మారి, చివరికి తుప్పు పట్టి నాన్న దగ్గరికి వచ్చింది. ఇంజను పవరు నాలుగు చక్రాలకీ అందుతుంది కాబట్టి బురదలో దిగినా బయటికి వస్తుందని నాన్న అందరికీ గొప్పగా చెబుతాడు. నాయనమ్మ విశాలాక్షి మాత్రం దానికి "ముసలోడు" అని పేరు పెట్టింది.

ముసలోడికి రోగాలు చాలా ఉన్నాయి. డీజిల్ మీటర్ పని చేయదు. నాన్న ట్యాంకులో వెదురు పుల్ల ముంచి, ఎంతవరకు తడిసిందో చూస్తాడు. అన్నిటికంటే పెద్ద రోగం ఇంకొకటి ఉంది. ఇంజన్ వేడెక్కాక ఆపితే మళ్ళీ ఒక పట్టాన స్టార్ట్ అవదు. నలుగురు తోయాల్సిందే.

"ఉపేంద్ర జీపు కొన్నాడా, మన చేత కసరత్తు చేయిస్తన్నాడా?" అని వీధిలో వాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వు వినిపించినప్పుడల్లా సాత్వికకి తల కొట్టేసినట్టు ఉంటుంది.

మూడు వారాలుగా నాన్న బ్రేకులు బాగు చేస్తున్నాడు. దానికోసం నాలుగు చక్రాలూ ఊడదీశాడు. మెకానిక్ ఖాదర్ వలి వచ్చి బ్రేకులు చూసి "బాగుంది" అన్నాడు. ఇక చక్రాలు బిగించడమే మిగిలింది. మధ్యాహ్నం జీపుకి మొదటి ప్రయాణం. శావల్యాపురంలో నాయనమ్మ తమ్ముడి పొలానికి, కాలవ కట్ట మీదుగా వెళ్ళి రావాలి.

ఆ షెడ్డులో ఖాదర్ వలి పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. నట్టు పూర్తిగా బిగించాకే దాని మీద సుద్ద ముక్కతో ఒక గీత గీయాలి. గీత ఉందంటే ఆ నట్టు పని అయిపోయినట్టే. మళ్ళీ ఎవరూ దాని జోలికి పోనక్కర్లేదు. ఇప్పటిదాకా సుద్ద ముక్క నాన్న చేతిలోనే ఉండేది. ఈ రోజే మొదటిసారి సాత్విక చేతికి వచ్చింది. స్పానర్ కూడా వచ్చింది. ఇంక ఆ పిల్లని పట్టగలమా?

కుడి పక్క రెండు చక్రాలూ ఇద్దరూ కలిసి బిగించారు. స్పానర్ పట్టుకుని సాత్విక బరువంతా వేసి తోసింది. చివర్లో నాన్న ఒక పట్టు పట్టాడు. నట్టుకో గీత చొప్పున సాత్విక పది గీతలు గీసింది. తర్వాత ఎడమ పక్కకి వచ్చారు. ముందు చక్రం నాన్న ఒక్కడే గబగబా బిగించేశాడు. సాత్విక అప్పుడు మంచినీళ్ళకి లోపలికి వెళ్ళింది.

తను తిరిగి వచ్చేసరికి నాన్న వెనక చక్రం దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఇవి కొంచెం బిగించి పెట్టా. జాకీ కూడా దించా. ఇంక గట్టిగా బిగించాలంతే. ఒరేయ్ అమ్మలూ, ఇటు చూడు. పాత జీపులకి ఎడమ పక్క నట్లు..."

"తెలుసు నాన్నా."

"పూర్తిగా వినవే. ఎడమ పక్క ఎదురు..."

"తెలుసు నాన్నా! నాకివ్వు."

ఇంతలో నాన్న ఫోన్ మోగింది. ఆదివారం కొట్టు చూసుకునే అమ్మ ఫోన్ చేస్తోంది. పెళ్ళివాళ్ళు ఎవరో పాత్రలకి వచ్చారట. పెద్ద గంగాళాలు ఎక్కడున్నాయో దొరకడం లేదట. నాన్న ఫోన్ చెవిన పెట్టుకుని వీధిలోకి వెళుతూ "నువ్వు కానీయ్, నేనొచ్చి చూస్తా" అన్నాడు.

సాత్విక స్పానర్ తగిలించింది. కుడి పక్క ఎటు తిప్పిందో ఇక్కడా అటే తిప్పింది. మొదట కొంచెం బిగుసుకుంది. తర్వాత భలే సులువుగా తిరిగింది. 'అలవాటైపోయింది నాకు' అనుకుంది. ఐదు నట్లూ ఒక్కో చుట్టు తిప్పి, ఐదు గీతలు గీసేసింది. పనంతా ఐదు నిమిషాల్లో అయిపోయింది.

నాన్న వచ్చి వంగి చూశాడు. ఐదు తెల్ల గీతలు వరసగా ఉన్నాయి.

"అయిపోయిందా? శెభాష్!" అన్నాడు. స్పానర్ గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టేశాడు.

సాత్వికకి ఛాతీ పొంగిపోయింది. భోజనంలో రెండు గరిటెల పప్పు ఎక్కువ తిన్నది.

* * *

మూడు గంటలకి జీపు బయల్దేరింది. ముందు సీట్లో నాయనమ్మ, ఆమె ఒళ్ళో అరటిపళ్ళ సంచి. వెనక తమ్ముడు నాగూ. వాడు ఒకటో తరగతి. తీరా చూస్తే ఆ ప్రయాణానికి సాత్వికకే కుదరలేదు. సోమవారం ఇవ్వాల్సిన సైన్స్ చార్టు ఇంకా మొదలే పెట్టలేదు.

"ఎందుకు మొదలుపెట్టలేదే?" అని నాన్న అంటే, "అదెంతసేపు, నాకు తెలుసు" అంది కదా!

జీపు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, చార్టు చుట్టుకుని సాత్విక రేష్మా ఇంటికి నడిచింది. రేష్మా ఖాదర్ వలి కూతురు. సాత్విక క్లాసే. వాళ్ళ ఇల్లు నాలుగు వీధుల అవతల ఉంటుంది. ఇంటి ముందే ఖాదర్ వలి మెకానిక్ షెడ్డు.

సాత్విక వెళ్ళేసరికి రేష్మా తన సైకిల్‌ని పడుకోబెట్టి, పెడల్‌తో కుస్తీ పడుతోంది.

"పెడల్ వదులైందే. ఇది బిగించి వస్తా, రెండు నిమిషాలు ఆగు."

"నేను బిగిస్తా, ఇటివ్వు." సాత్విక స్పానర్ లాక్కుంది. ఒక తిప్పు తిప్పింది. పెడల్ ఇంకా వదులైంది. ఇంకో తిప్పు తిప్పింది. పెడల్ ఊడి కింద పడింది.

రేష్మా కిలకిల నవ్వింది. "ఓసి పిచ్చిదానా! అది ఎడమ పెడల్. ఎడమదానికి ఎదురు తిప్పాలి. నువ్వు తిప్పేది విప్పడానికి, బిగించడానికి కాదు."

"ఎదురా?"

"అవును. ఎడమ పక్క ఎదురు. మా నాన్న నాకు ఒకటో తరగతిలోనే చెప్పాడు."

ఎడమ పక్క ఎదురు.

ఆ మాట పొద్దున్నే వింది. వినలేదు, సగం వింది. మిగతా సగం తనే నాన్న నోట్లోంచి లాగేసింది. స్పానర్ ఎందుకంత సులువుగా తిరిగిందో ఇప్పుడు అర్థమైంది. తను ఐదు నట్లూ బిగించలేదు. విప్పింది. విప్పి, వాటి మీద గీతలు గీసింది.

సాత్విక స్పానర్ కింద పడేసి లేచి నిలబడింది.

"ఏందే, అట్టా అయిపోయావు?" అంది రేష్మా.

సాత్విక షెడ్డు వైపు చూసింది. చెబితే ఏమవుతుంది? నాన్న ఇంక జన్మలో స్పానర్ ముట్టుకోనివ్వడు. 'నాన్న మళ్ళీ చూసే ఉంటాడులే' అనుకోబోయింది. కానీ నాన్న చూసింది గీతలని. నట్లని కాదు. స్పానర్ తుడిచి పెట్టెలో పెట్టడం తను కళ్ళారా చూసింది. జీపులో నాయనమ్మ ఉంది. నాగూ ఉన్నాడు. పక్కన నిండా నీళ్ళతో పారే కాలవ ఉంటుంది.

సాత్విక షెడ్డులోకి పరిగెత్తింది.

"బాబాయ్! ఖాదర్ బాబాయ్!"

ఖాదర్ వలి ట్రాక్టర్ ఇంజన్ లోంచి తల పైకి తీశాడు.

"బాబాయ్, మా జీపు ఎడమ పక్క వెనక చక్రం... నట్లు నేను బిగించా. కుడి పక్క లాగే తిప్పా. గీతలు కూడా గీశా. నాన్న జీపేసుకుని వెళ్ళిపోయాడు."

అంతా ఒకే ఊపిరిలో చెప్పేసింది. ఒక్క ముక్క కూడా దాచలేదు. చెప్పాక ఏడుపొచ్చింది.

ఖాదర్ వలి ముఖం మారిపోయింది. కానీ తిట్టలేదు. "ఎంతసేపైంది పోయి?" అన్నాడు.

"అరగంట."

నాన్నకి ఫోన్ చేశాడు. రింగ్ అవుతోంది. ఎత్తడం లేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

"ఆ బండి మోతలో ఫోన్ ఏం వినపడిద్ది? మీ నాయనమ్మకి చెయ్యనా?"

"నాయనమ్మ ఫోన్ ఇంట్లో చార్జింగ్‌లో ఉంది బాబాయ్."

ఖాదర్ వలి తల గోక్కున్నాడు. సాత్విక కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. ముసలోడి రోగాలన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. మీటర్ పని చేయదు. వెదురు పుల్ల...

"బాబాయ్! నాన్న ఊరు దాటేటప్పుడు వినుకొండ రోడ్డు బంకులో ఆగుతాడు. ఎప్పుడైనా సరే ఆగుతాడు. పుల్ల పెట్టి చూసి డీజిల్ పోయిస్తాడు."

"భలే గుర్తు చేశావు! అక్కడ ఆఫీసులో మన ప్రేమలత ఉంటది."

బంకు ఆఫీసు నంబరు ఖాదర్ వలి దగ్గర ఉంది. ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేశాడు. ఒక రింగు. రెండు రింగులు. మూడు. సాత్విక రేష్మా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"హలో, ఎవరూ?"

"ప్రేమలతా, నేను ఖాదర్ని. పాత్రల కొట్టు ఉపేంద్ర గారి పచ్చ జీపు వచ్చిందా అక్కడికి?"

"వచ్చింది అన్నా. డీజిల్ పోయించుకుని పావుగంటైంది."

సాత్విక పై ప్రాణాలు పైనే పోయాయి. పావుగంటంటే జీపు ఇప్పటికి ఊరు దాటేసి ఉంటుంది.

ప్రేమలత నవ్వుతూ ఇంకా చెబుతోంది. "పోయించుకున్నాడు గానీ పోతేగా! అది స్టార్ట్ అవట్లా. ఇక్కడే ఉన్నారు అందరూ. మా కుర్రాళ్ళు నలుగురు తోయడానికి పోతన్నారు."

"తోయొద్దని చెప్పక్కా!" సాత్విక ఫోన్ లోకి అరిచింది. "తోయొద్దు! జీపు కదపొద్దని నాన్నకి చెప్పు! చక్రం నట్లు ఊడినయ్యి!"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. ప్రేమలత గొంతు దూరంగా వినిపించింది. "ఒరేయ్, ఆగండ్రా! తోయబాకండి! ఉపేంద్ర గారూ, దిగండి, దిగండి!"

కొంచెంసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ప్రేమలత ఆయాసపడుతూ ఫోన్ అందుకుంది. "ఆగింది అన్నా. అందరూ దిగారు. పిల్లాడు అరటిపండు తింటన్నాడు."

సాత్విక అక్కడే పాత టైరు మీద కూలబడింది. ముసలోడు స్టార్ట్ అవనందుకు తను సంతోషపడటం అదే మొదటిసారి. వీధి మొత్తం నవ్వినా సరే, ఆ ముసలోడిని వాటేసుకోవాలనిపించింది.

* * *

ఖాదర్ వలి చక్రం స్పానర్ తీసుకుని, సాత్వికని స్కూటర్ ఎక్కించుకుని బంకుకి వెళ్ళాడు.

జీపు బంకు పక్కన నీడలో ఉంది. నాన్న ఎడమ పక్క వెనక చక్రం దగ్గర కూర్చుని ఉన్నాడు. సాత్విక వెళ్ళి పక్కన నిలబడింది. నాన్న ఒక నట్టు మీద రెండు వేళ్ళు పెట్టాడు. గీత ఉన్న నట్టే అది. స్పానర్ లేకుండానే గిరగిర తిరిగింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"ఎడమ పక్క టకటక అంటానే ఉంది," అన్నాడు నాన్న ఖాదర్ వలితో. "ముసలోడికి ఇదేం కొత్తా అని ఊరుకున్నా."

"ఇంకో రెండు మూడు కిలోమీటర్లు పోతే చక్రం మీకంటే ముందు శావల్యాపురం చేరేది ఉపేంద్ర గారూ," అన్నాడు ఖాదర్ వలి.

"నాన్నా, నువ్వు చెబుతుంటే నేను వినలా," అంది సాత్విక. "తెలుసన్నా. నాకు తెలియదు."

ఆ చివరి రెండు మాటలూ చెప్పడం ఎంత కష్టమో ఆ పిల్లకే తెలుసు.

నాన్న లేచి నిలబడ్డాడు. కూతురి ముఖం చూశాడు. ముక్కు మీద గ్రీజు చుక్క ఇంకా అలాగే ఉంది. జేబు రుమాలు తీసి దాన్ని తుడిచాడు.

"తప్పు నీ ఒక్కదానిదే కాదమ్మా. నేనొచ్చి చూస్తానని చెప్పి, గీత చూశా గానీ నట్టు చూడలా. నాకు నలభై ఏళ్ళొచ్చాయి, ఏం లాభం? కానీ తెలియంగానే పరిగెత్తి చెప్పావు చూడు. అందుకే ఇట్టా నిలబడి మాట్లాడుకుంటన్నాం."

సాత్విక నాన్న నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకుంది.

నాయనమ్మ సిమెంటు దిమ్మ మీద కూర్చుని చూస్తోంది. "ఏమే, నా తమ్ముడింటికి పంపిస్తానని చెప్పి కాలవలోకి పంపిద్దామనుకున్నావా?" అంది. అని, తనే నవ్వి, సంచిలోంచి అరటిపండు తీసి మనవరాలి చేతిలో పెట్టింది. "తిను. భయపడితే ఆకలేసిద్ది. నేను మూడు తిన్నా."

నాన్న తడి గుడ్డతో చక్రం మీద ఐదు గీతలూ తుడిచేశాడు. ఖాదర్ వలి దగ్గర స్పానర్ తీసుకున్నాడు. తీసుకుని సాత్వికకి ఇచ్చాడు.

సాత్విక నమ్మలేకపోయింది. "నాకా?"

"మరి? విప్పింది నువ్వేగా, బిగించేదీ నువ్వే. ఎటు తిప్పాలో ఇప్పుడు తెలుసుగా?"

'తెలుసు' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిజంగానే తెలుసు కూడా. అయినా సాత్విక ఆగింది.

"తెలుసనే అనుకుంటన్నా నాన్నా. కానీ నువ్వు పొద్దున చెప్పబోయింది మొత్తం చెప్పు. వింటా."

నాన్న చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. "పాత జీపులు ముందుకి పోయేటప్పుడు చక్రం తిరిగే తీరుకి ఎడమ పక్క నట్లు వాటంతట అవే వదులైపోతాయేమోనని, ఆ రోజుల్లో వాటికి ఎదురు మర పెట్టారు. అందుకని ఎడమ పక్క ఇట్టా, వెనక్కి తిప్పితే బిగుసుకుంటయ్యి. ఇప్పటి బండ్లకి చానా వాటికి ఇట్టా ఉండదు. ముసలోడికి మాత్రం ఉంది."

"మధ్యలో నేను తప్పు తిప్పితే ఎట్టా తెలిసిద్ది?"

"సులువుగా తిరిగిందనుకో, అనుమానపడు. బిగిసేది ఎప్పుడూ కష్టపెట్టిద్ది."

సాత్విక స్పానర్ తగిలించి వెనక్కి తిప్పింది. నట్టు కష్టపెట్టింది. చేతులు నొప్పి పుట్టేదాకా తోసింది. చివర్లో నాన్న ఒక పట్టు పట్టాడు. ఐదు నట్లూ అలాగే అయ్యాయి. ఖాదర్ వలి వంగి ఐదూ లాగి చూశాడు. తర్వాత మిగతా మూడు చక్రాలూ చూశాడు. అప్పుడు సాత్విక జేబులోంచి సుద్ద ముక్క తీసి ఐదు గీతలు గీసింది. ఈసారి గీతలు కొంచెం వంకరగా వచ్చాయి.

"చార్టు సంగతేంది?" అన్నాడు నాన్న.

"రాత్రికి రాస్తా. ఏం రాయాలో సగమే తెలుసు. రేష్మాని అడగాలి."

నాన్న కనుబొమలు పైకి లేచాయి. "సర్లే, ఎక్కు."

సాత్విక ఎగిరి నాగూ పక్కన వెనక సీట్లో కూర్చుంది. ప్రేమలతా, బంకు కుర్రాళ్ళూ జీపు వెనక చేరారు. నాన్న స్టీరింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి అడిగాడు.

"అమ్మలూ, వెనక డోరు గొళ్ళెం పడిందా?"

"పడిం..."

సాత్విక ఆగిపోయింది. మాట మింగేసి, లేచి జీపు దిగింది. వెనక్కి నడిచింది. గొళ్ళెం చూడటానికి పడినట్టే ఉంది. రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగింది. కొక్కెం జారి డోరు తెరుచుకుంది.

మళ్ళీ వేసింది. మళ్ళీ లాగింది. ఈసారి కదల్లేదు.

"ఇప్పుడు పడింది నాన్నా," అంది. "లాగి చూశా."